“ఏం, కనపడలేదు?”: ఒక గే విశ్వాసి, రెండు చర్చిలు, ఒక బొంత

ఈ కేసు రాయడానికి నా క్లయింటు జె. ఒప్పుకున్నాడు. రాసింది చదివి రెండు చోట్ల కొట్టేయమన్నాడు, కొట్టేశాను. ఊరు, ఉద్యోగం, ఇంట్లోవాళ్ళ వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్నది మాత్రం ఉన్నదున్నట్టు ఉంచాను. నేను నేర్చుకున్నదంతా ఆ వరసలోనే ఉంది.

నేను మిన్నెసోటాలో లైసెన్సున్న థెరపిస్టుని. సొంతూరు మెదక్. అక్కడి పెద్ద చర్చి గంట వింటూ పెరిగినదాన్ని, కాబట్టి సంఘం అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. అయినా ఈ కేసులో నా మొదటి అడుగే తప్పు పడింది. అదీ రాస్తాను.

వచ్చినప్పటి పరిస్థితి

2023 జనవరిలో వచ్చాడు. 28 ఏళ్ళు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఒంటరిగా ఉంటున్నాడు. నిద్ర పట్టడం లేదన్నది ఫిర్యాదు. రాత్రి మూడింటిదాకా మెలకువ, ఆకలి లేకపోవడం, ఆఫీసులో చిన్న మాటకే కళ్ళలో నీళ్ళు తిరగడం, ఇవన్నీ నాలుగు నెలలుగా ఉన్నాయి. ఆదివారం పొద్దున మాత్రం ఒళ్ళంతా చెమట పట్టి, కడుపులో తిప్పుతుందన్నాడు. డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9లో 27కి 18 వచ్చింది. చచ్చిపోతే బాగుండును అనిపించిందా అని అడిగే తొమ్మిదో ప్రశ్న దగ్గర ‘కొన్ని రోజులు’ అని గుర్తు పెట్టాడు. ఆ రోజు మిగతావన్నీ పక్కన పెట్టి భద్రత గురించే మాట్లాడాం. ఆత్మహత్య ఆలోచనలొస్తే పిలవాల్సిన 988 నంబరు ఫోన్‌లో వేయించాను. అర్ధరాత్రి అయినా పిలవగలిగిన ఒక స్నేహితుడి పేరు రాయించాను. మందుల కోసం డాక్టరు దగ్గరికి పంపాను.

మూడో సెషన్‌లో అసలు మాట బయటికొచ్చింది. “మేడమ్, నేను గే” అన్నాడు. ఊపిరి తీసుకోకుండానే, “కానీ నేను విశ్వాసినే మేడమ్” అని కలిపాడు. మొదటి మాట కన్నా రెండో మాటని నేను నమ్ముతానో లేదో అన్న భయమే అతని ముఖంలో ఎక్కువ కనపడింది. అంతకుముందు ఇంకోచోట కౌన్సెలింగ్‌కి వెళ్తే, మిమ్మల్ని ఇంత బాధపెట్టే మతాన్ని వదిలేస్తే సరిపోతుంది కదా అన్నారట. మళ్ళీ అక్కడికి వెళ్ళలేదు.

అమ్మమ్మ డబ్బా

పల్నాడు వైపు ఒక లూథరన్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) కుటుంబం. జె.ని పెంచింది అమ్మమ్మ. ఆవిడ అన్నానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ అందులోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో పోసేది. నెలాఖరుకి ఆ డబ్బా చర్చికి వెళ్ళేది. డబ్బా మూత తీసి పట్టుకోవడం జె. పని. “నాకు దేవుడంటే ముందు ఆ మూత చప్పుడు గుర్తొస్తుంది” అన్నాడు.

1842లో గుంటూరుకి వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ దొర, ఆయన గురజాల దాకా వెళ్ళడం, 1883లో వచ్చిన కుగ్లర్ దొరసాని కట్టించిన ఆసుపత్రి, ఇవన్నీ అమ్మమ్మకి ఇంట్లో వాళ్ళ కథల్లాంటివి. ఊరి బావిలో చేద వేయనివ్వని రోజుల్లో ఆవిడ వాళ్ళమ్మకి లోపలికి రమ్మని చాప వేసిన చోటు చర్చి ఒక్కటే. ఇది తెలియకుండా జె. సమస్య అర్థం కాదు. అతనికి చర్చి అంటే వారానికోసారి వెళ్ళొచ్చే చోటు కాదు. వాళ్ళ వంశం మొదటిసారి మనుషుల్లా కూర్చున్న చోటు. అక్కడినుంచి లేచి పొమ్మంటే ఎక్కడికి పోతాడు?

ఇంకొకటి కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవంలోకి వెళ్ళిన దళితులకి ఎస్సీ హోదా ఉండదు. అందుకే అటువైపు చాలా ఇళ్ళలో బడి రిజిస్టర్‌లో ఒక పేరు, సంఘంలో ఇంకో పేరు ఉంటాయి. జె.కి కూడా రెండు పేర్లు. ఎవరి ముందు ఏ పేరు చెప్పాలో ఐదేళ్ళకే తెలుసు. దాచుకుని బతకడం అతనికి తను గే అని తెలిశాక కొత్తగా వచ్చింది కాదు, ఇంట్లో అందరూ చేసే పనే. ఈ సంగతి నా నోట్సులో చాలా ఆలస్యంగా ఎక్కింది.

పంతొమ్మిదో ఏట ఫోన్‌లో ఒక మెసేజ్ అన్నయ్య కంటపడింది. ఎవరూ కొట్టలేదు. ఉపవాస ప్రార్థనకి తీసుకెళ్ళారు. అక్కడ మైకులో పేరు పెట్టి, వీడిలోని దురాత్మ వదిలిపోవాలని మూడు గంటలు ప్రార్థించారు. తలమీద పెట్టిన చెయ్యి అంతసేపూ తియ్యలేదు. విడుదల వచ్చిందా అని చివర్లో అడిగితే వచ్చిందన్నాడు. “అమ్మ ఏడుపు ఆగాలంటే అదొక్కటే దారి మేడమ్.” అది 2014. అంతకు కొద్ది నెలల ముందే, 2013 డిసెంబరులో, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసే 377వ సెక్షన్‌ని సుప్రీంకోర్టు మళ్ళీ నిలబెట్టింది. పోలీసుల భయం, నరకం భయం రెండూ ఒకేసారి మీదపడ్డాయి. 2018 సెప్టెంబరు 6న అదే కోర్టు స్వలింగ సంబంధం నేరం కాదని తీర్పిచ్చేనాటికి అతను ఎమ్మెస్ కోసం ఇక్కడికి వచ్చి నెల కూడా కాలేదు. వార్త చూసి ఫోన్ బోర్లా పెట్టేశాడట, రూమ్మేట్స్ చూస్తారని.

ఇక్కడ ఒక తెలుగు ప్రార్థన కూటంలో నాలుగేళ్ళు కీబోర్డు వాయించాడు. 2022 సెప్టెంబరులో ఎవరో ఏదో అన్నారు. పొమ్మని ఎవరూ అనలేదు. ఒక ఆదివారం వెళ్ళేసరికి కీబోర్డుకి కవరు తొడిగి ఉంది. ఈ వారం వేరే తమ్ముడు వాయిస్తాడులే అన్నారు. వాట్సాప్‌లో శనివారం రాత్రి వచ్చే పాటల లిస్టు రావడం ఆగిపోయింది. నిద్ర దూరమైంది అక్కడినుంచే.

నేను ఎలా అర్థం చేసుకున్నాను

మా చదువులో ఇలాంటి కేసుకి వాడే చట్రాలు రెండు. అల్పసంఖ్యాకుల మీద సమాజం మోపే అదనపు ఒత్తిడి లోపలికి దిగి జబ్బుగా మారుతుందని ఇలాన్ మేయర్ 2003లో రాసింది ఒకటి. మనిషికి అన్నంనీళ్ళలాగే ‘నావాళ్ళు’ అన్న బంధం కావాలని బౌమైస్టర్, లియరీ 1995లో రాసింది రెండోది. రెండూ జె.కి సరిగ్గా సరిపోయాయి. ఆకర్షణని మార్చే ప్రయత్నాలు పనిచేస్తాయనడానికి ఆధారం లేదని, హాని జరిగే ప్రమాదం ఉందని 2009లోనే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ కమిటీ తేల్చింది. మన దేశంలో కూడా ‘మార్పిడి చికిత్స’ వృత్తిపరమైన తప్పిదం అని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ చెప్పింది. కాబట్టి ఏం చేయకూడదో స్పష్టంగానే ఉంది. ఏం చేయాలన్న దగ్గరే నేను తొందరపడ్డాను.

నా తప్పు

ఐదో సెషన్‌లో మూడు చర్చిల పేర్లు రాసిచ్చాను. మూడూ అందరినీ కలుపుకునేవే, మూడింటి ముందూ గేలకి మద్దతుగా పెట్టే ఇంద్రధనస్సు జెండా ఉంటుంది. నాకు అది మందుచీటీ రాసినంత తేలిగ్గా అనిపించింది.

వాటిలో ఒక పెద్ద చర్చికి వెళ్ళాడు. పదిహేను రోజుల తర్వాత స్కోరు 20కి పెరిగింది. ఏమైందని అడిగాను. ముందు జెండా దగ్గర నిలబడటానికే భయమేసిందట, రోడ్డు మీద తెలుగువాళ్ళెవరైనా చూస్తారని. లోపల అందరూ నవ్వుతూ పలకరించారు. ఆరాధన అయ్యాక కాఫీ దగ్గర నలుగురు చుట్టూ చేరి, ఇండియాలో మీలాంటివాళ్ళకి చాలా కష్టం కదా, మీ కథ మాకు చెప్తారా, వచ్చే నెల ముందు నిలబడి మాట్లాడతారా అన్నారు. వాళ్ళకి చెడు ఉద్దేశం ఏమీ లేదు. కానీ జె.కి ఏమనిపించిందో అతని మాటల్లోనే రాస్తాను: “మా అమ్మమ్మని, మా అమ్మని, మా చర్చిని అందరి ముందూ తిట్టి ఇక్కడ సీటు కొనుక్కోవాలా మేడమ్? ఆ కూటంలో నన్ను దయ్యం పట్టినవాడిగా చూశారు. ఇక్కడ పాపం అన్నట్టు చూశారు. మనిషిగా ఎవరు చూస్తారు?” ఆ రోజు పేరు బిళ్ళ మీద తన రెండు పేర్లలో ఏదీ రాయలేదు. ఒక్క అక్షరం రాసి వచ్చేశాడు.

ఇంకా సిద్ధంగా లేని మనిషిని ఒక కొత్త గుంపు ముందు నిలబెట్టింది నేనే. అతని ఇంటిని కించపరచకుండా అతన్ని కలుపుకునే చోటు ఏది అన్న ప్రశ్నే నేను వేసుకోలేదు. చెప్పాను, తప్పు నాదని. అతను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత “పర్లేదు అక్కా” అన్నాడు. మేడమ్ అక్క అయింది ఆ రోజే. ఇలాంటి పిలుపుల దగ్గర దూరం పాటించాలని మాకు ట్రైనింగ్‌లో చెప్తారు. నేను సరిదిద్దలేదు. మన భాషలో వరస కలపడం అంటే నమ్మకం కుదిరిందని చెప్పడం.

తర్వాత రెండు నెలలు చర్చి మాటే ఎత్తలేదు. తలమీద చెయ్యి జ్ఞాపకం మీద పనిచేశాం. నిద్ర కొంచెం కుదురుకుంది.

మెట్ల కింద గది

రెండో చర్చిని జె. తనే వెతుక్కున్నాడు. లూథరన్ అన్న మాట చూసి వెళ్ళాడు, అమ్మమ్మ కోసం. సెయింట్ పాల్ నగరంలో చిన్న సంఘం, ఆదివారం నలభై మంది ఉంటే ఎక్కువ, అందులో సగం డెబ్బై దాటినవాళ్ళు.

ఇక్కడ ఒక వివరం చెప్పాలి, ఇలాంటి చర్చి వెతుక్కునేవాళ్ళకి పనికొస్తుంది. అమెరికాలో లూథరన్ బోర్డు ఉన్న ప్రతి చర్చీ ఒకేలా ఉండదు. ఇవాంజెలికల్ లూథరన్ చర్చ్ ఇన్ అమెరికా 2009 ఆగస్టులో మినియాపొలిస్‌లో సభ పెట్టి, స్వలింగ జంటల గురించి కొత్త వైఖరి తీసుకుంది. మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. 676 అనుకూలం, 338 వ్యతిరేకం. సరిగ్గా రెండొంతులు, ఒక్క ఓటు తగ్గినా ఓడిపోయేది. తర్వాత వందల సంఘాలు విడిపోయాయి. ఉండిపోయిన సంఘాల్లో కూడా ఎవరి మనస్సాక్షి ప్రకారం వాళ్ళు నడుచుకోవచ్చన్నారు. అందుకని బోర్డు మీద ‘అందరికీ స్వాగతం’ అని ఉంటే సరిపోదు. నేను ఇప్పుడు క్లయింట్లకి చెప్పేది ఒకటే, ఫోన్ చేసి అడగమని. మా పెళ్ళి మీ చర్చిలో చేస్తారా, నేను సంఘ పెద్దగా ఉండొచ్చా, పిల్లలకి సండే స్కూల్ చెప్పొచ్చా, ఇది ఎక్కడైనా రాసిపెట్టారా అని. ‘రీకన్సైలింగ్ ఇన్ క్రైస్ట్’ అన్న గుర్తింపు ఉన్న లూథరన్ సంఘాలు ఈ ప్రశ్నల మీద ముందే చర్చించి, నిర్ణయం రాసిపెట్టుకుని ఉంటాయి. తడబడే జవాబు వస్తే అది కూడా జవాబే.

మొదటి ఆదివారం తలుపు దగ్గర పాస్టరమ్మ ఏ ఊరని అడిగింది. ఇండియా అంటే, ఇండియాలో ఎక్కడ అంది. ఎలాగూ తెలియదులే అని గుంటూరు అన్నాడు. “ఫాదర్ హేయరా?” అందావిడ. జె. అక్కడే నిలబడిపోయాడు. అమ్మమ్మ కథల్లోని హేయర్ దొర గుంటూరునుంచి తిరిగొచ్చాక 1860లో ఈ మిన్నెసోటాలోనే లూథరన్ సినడ్ (సంఘాల కూటమి) కట్టి దానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. డెబ్బై అయిదు దాటాక, 1869లో, మళ్ళీ ఓడ ఎక్కి తెలుగు దేశానికి వెళ్ళాడు, రాజమండ్రి మిషన్ లూథరన్ల చెయ్యి జారిపోకుండా. “అక్కా, నేను వేరే మతంలోకి వచ్చానేమో అనుకున్నా. ఇది మా అమ్మమ్మ వాళ్ళ పుట్టిల్లు లాంటిదే” అన్నాడు తర్వాతి సెషన్‌లో. అతని కథ చెప్పమని ఆ రోజు ఎవరూ అడగలేదు. కాఫీ కప్పులు కడగడానికి ఒక చెయ్యి వేస్తావా అని మాత్రం అడిగారు.

కప్పులు కడుగుతుంటే మెట్ల కింద గదిలో పొడవాటి బల్ల కనపడింది, దాని మీద గుడ్డముక్కలు. శనివారాలు ఆడవాళ్ళు అక్కడ చేరి లూథరన్ వరల్డ్ రిలీఫ్ కోసం బొంతలు చేస్తారు. ఒక్కోటి 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు. పాత దుప్పట్లు, కర్టెన్లు ముక్కలు కోసి అతికి, మధ్యలో ఒక పొర పెట్టి, మూడూ కలిసుండేలా అక్కడక్కడా దారంతో ముడులు వేస్తారు. అవి శరణార్థి శిబిరాలకి వెళ్తాయి.

అమ్మమ్మ పాత చీరలు మడతలు వేసి బొంతలు కుట్టేది. చూపు తగ్గాక సూదిలో దారం ఎక్కించింది జె. దారం చివర తడిచేసి, వేళ్ళ మధ్య నలిపి, వెలుతురుకి ఎదురుగా పట్టుకోవడం ఆవిడ నేర్పింది. తర్వాత కుట్టడం కూడా నేర్పింది. ఆడవాళ్ళతో కూర్చుని బొంత కుడతాడని బళ్ళో పెట్టిన పేరు ఇక్కడ రాయను. పదకొండేళ్ళకి సూది వదిలేశాడు.

ఆ శనివారం ఎనభై దాటిన ఒక ముసలావిడ అతని చేతికి మొద్దు సూది, ఊలు దారం ఇచ్చి ముడి చూపించింది. ఒకసారి చూసి వేసేశాడు. ఆవిడ కళ్ళజోడు పైకెత్తి ముడిని గోటితో లాగి చూసి, పక్కావిడకి చూపించిందట. “ముడి గట్టిగా ఉందని అంతే అక్కా, ఇంకేం అనలేదు” అని చెప్తూ చెప్తూ ఏడ్చాడు. నేను నోట్సు రాయడం ఆపేశాను.

తర్వాత ఆఫీసులో రిలీజ్ పని పడి రెండు శనివారాలు వెళ్ళలేకపోయాడు. మూడోసారి వెళ్తే ఆ ముసలావిడ తల ఎత్తకుండానే ఇంగ్లీషులో ఏదో అంది. జె. నాకు దాన్ని మన మాటల్లో చెప్పాడు: “ఏం, కనపడలేదు?” నా లెక్కలో చికిత్స మలుపు తిరిగింది అక్కడే. స్వాగతం పలకడం ఒక్క రోజు పని. రాని రోజున వెతకాలంటే అంతకుముందే ఒక చోటు ఏర్పడి ఉండాలి. కీబోర్డు కవరు దగ్గర అతను పోగొట్టుకున్నది ఆ చోటే.

చెయ్యి

ఆ సంఘంలో నెలకోసారి స్వస్థత ప్రార్థన ఉంటుంది. కోరినవాళ్ళ తలమీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తారు. జె. వరసలో నిలబడ్డాడు కానీ దగ్గరికొచ్చేసరికి వణుకు పుట్టింది. పాస్టరమ్మ ముందు అడిగింది, చెయ్యి పెట్టొచ్చా అని. వద్దన్నాడు. సరేనని చేతులు కట్టుకుని, రెండడుగుల దూరంనుంచే ప్రార్థన చేసింది. వద్దంటే ఆగే చెయ్యి కూడా ఉంటుందని అతని ఒంటికి తెలిసింది ఆ రోజే. నా గదిలో ఎనిమిది సెషన్ల పనికి అది తోడైంది. 2023 చివర్లో మళ్ళీ అడిగినప్పుడు, “భుజం మీదైతే సరే” అన్నాడు.

లేవీయకాండం 18, రోమా పత్రిక 1 గురించి నేను వాదించలేదు, అది నా పని కాదు. వాటిని పాస్టరమ్మతో కూర్చుని చదువుకున్నాడు. నా దగ్గరికి తెచ్చింది అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం, ఐతియోపీయుడి కథ. తెలుగు బైబిల్లో ఆ మనిషిని నపుంసకుడు అనే రాస్తారు. బళ్ళో తనని ఏడిపించిన మాటల్లో అదొకటి. ఆ మనిషి నీళ్ళు చూపించి నాకు బాప్తిస్మం ఇవ్వడానికి అడ్డేమిటని అడిగితే ఎవరూ అడ్డు చెప్పరు. “ఇన్నేళ్ళు ఈ కథ విన్నా అక్కా, ఆ మాట రాగానే తల దించుకున్నా. తర్వాత ఏం జరిగిందో వినలేదు” అన్నాడు.

2024 మే 19, పెంతెకోస్తు ఆదివారం. ఆ రోజు కార్యముల రెండో అధ్యాయం రకరకాల భాషల్లో ఒకేసారి చదవడం చాలా చర్చిల్లో ఆనవాయితీ. నార్వేజియన్, జర్మన్, స్పానిష్, ఒరోమో, మోంగ్, వాటి మధ్యలో తెలుగు. అమ్మమ్మ బైబిల్‌లోంచే చదివాడు. ఆ రోజు పేరు బిళ్ళ మీద అమ్మమ్మ పెట్టిన పేరు పూర్తిగా రాశాడు.

కుదరనివి

ఈ సంఘం అతనికి అన్నీ ఇచ్చిందని రాస్తే అబద్ధం. అక్కడ తబలా లేదు, తాళాలు లేవు. క్రిస్మస్‌కి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల కోసం యూట్యూబ్ పెట్టుకుని ఒక్కడే ఏడ్చిన రాత్రులు ఉన్నాయి. “వందనాలండీ” అంటే తిరిగి అనేవాళ్ళు లేరు. ఒక పెద్దాయన ఇప్పటికీ అతన్ని కొత్తవాడిగానే పలకరిస్తాడు. సంఘం చిన్నది, ముసలిది, పైకప్పు బాగుచేయడానికి డబ్బుల్లేవు, ఇంకెన్నాళ్ళుంటుందో వాళ్ళకే తెలియదు. ఒకే చోటుని నమ్ముకోవద్దని, ఊళ్ళో ఉన్న దక్షిణాసియా గే మిత్రబృందంలో కూడా చేర్పించాను. అక్కడ బిర్యానీ దొరుకుతుంది, ప్రార్థన దొరకదు. రెండిటి మధ్యా తిరుగుతున్నాడు.

2023 డిసెంబరుకి స్కోరు 9కి, 2024 జూన్‌కి 5కి దిగింది. చచ్చిపోవాలన్న ఆలోచన పది నెలలుగా లేదు. మందు డాక్టరు సలహాతో తగ్గిస్తున్నారు. మొత్తం 38 సెషన్లు అయ్యాయి, ఇప్పుడు రెండు నెలలకోసారి వస్తాడు.

అమ్మ ఆదివారం ఫోన్ చేస్తుంది. చర్చికెళ్ళావా నాయనా అని మొదటి ప్రశ్న. వెళ్ళానమ్మా అని ఇప్పుడు నిజమే చెప్తున్నాడు. పెళ్ళి మాట ఏడాదిగా ఎత్తడం లేదట. ఆవిడకి తెలుసని జె. అనుకుంటున్నాడు, నేనూ అనుకుంటున్నాను, ఎవరూ పైకి అనలేదు. తను చేసిన బొంత ఫొటో పంపిస్తే, కుట్టు వంకర పోయింది, అమ్మమ్మ ఉంటే విప్పించేది అని మెసేజ్ పెట్టిందట. పోయిన సెషన్‌లో ఆ మెసేజ్ నాకు చూపించి, అమ్మకి వీసా వచ్చిందని చెప్పాడు. ఎండాకాలంలో వస్తుంది, మూడు నెలలుంటుంది. “ఆదివారం అమ్మని ఏ చర్చికి తీసుకెళ్ళాలి అక్కా?” అన్నాడు. తెలుగు కూటంలో ఆవిడకి పాటలు ఉంటాయి, కొడుకు ఉండడు. ఇక్కడ కొడుకు ఉంటాడు, భాష ఉండదు. టైమ్ అయిపోయింది. వచ్చే సెషన్ దానితోనే మొదలుపెడదామని రాసుకున్నాను.